ప్రార్థనలో ఒక పేరు: గియోమ్ దు ఫే జీవితం, సంగీతం
(స్మారకోపన్యాస పాఠం)

గియోమ్ దు ఫే 1474 నవంబరు 27న, ఇప్పటి ఉత్తర ఫ్రాన్స్‌లో ఉన్న కాంబ్రే పట్టణంలో కన్నుమూశారు. ఆయన పోయి అయిదున్నర శతాబ్దాలు దాటింది. తొలి పునరుజ్జీవన కాలపు సంగీతానికి ఆయనే పెద్దదిక్కు అని యూరప్ సంగీత చరిత్రలు చెబుతాయి. ఆ మాటతో నాకు పేచీ లేదు. దాని వెంటే వచ్చే ఇంకో మాటతోనే పేచీ. మధ్యయుగంలో సంగీతకర్తకు పేరంటూ లేదు, దేవుడి కోసం అనామకంగా రాసి పక్కకు తప్పుకునేవాడు. పునరుజ్జీవనం రాగానే కళాకారుడికి తానెవరో తెలిసింది, కీర్తి కోరి తన కృతి మీద పేరు వేసుకున్నాడు, దు ఫే అలాంటివారిలో మొదటివాడు అని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. దు ఫే తన పేరును సంగీతంలోకి తెచ్చిన మాట నిజం. అది దేనికోసం తెచ్చారన్నదే అసలు ప్రశ్న. ఆయన పండిన వయసులో రాసిన సంగీతంలో వినిపించే 'నేను' క్షమాభిక్ష కోరే 'నేను' అని ఈ ఉపన్యాసంలో నా వాదం. ఆ 'నేను' చర్చిని ధిక్కరించి బయటికొచ్చి నిలబడలేదు. వర్ధంతి పూజల ఏర్పాట్లలోంచి, కథెడ్రల్ పద్దు పుస్తకాల్లోంచి, బాలగాయకుల పాఠాల్లోంచి పుట్టుకొచ్చింది. దీన్ని గుర్తిస్తే ఆయన సంగీతాన్ని మనం వినే తీరే మారుతుందని నా నమ్మకం.

పేరు సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే దు ఫేకు పేరన్నది తండ్రి నుంచి దక్కిన ఆస్తి కాదు. 1397లో, బహుశా ఆగస్టు 5న, బ్రసెల్స్ దగ్గరి బెర్సెల్‌లో ఆయన పుట్టారు. తండ్రి ఒక మతగురువు. అతని పేరు ఏ పత్రంలోనూ కనిపించదు. తల్లి మరీ దు ఫాయి. బిడ్డకు వచ్చింది తల్లి ఇంటిపేరే. పెళ్లిబంధం లేకుండా పుట్టినవాడు మతగురువు కావాలన్నా, చర్చి పదవుల ఆదాయం అనుభవించాలన్నా ఆనాటి చర్చి చట్టం ప్రకారం ప్రత్యేక మినహాయింపు కావలసిందే. తల్లి బంధువు ఒకరు కాంబ్రే కథెడ్రల్‌లో కానన్, అంటే పాలకవర్గంలో మాట, ఆదాయంలో వాటా ఉన్న సభ్యుడు. 1409లో పిల్లవాడు ఆ కథెడ్రల్ బాలగాయకుల్లో చేరాడు. చదువు, తిండి, బట్ట, గానం అన్నీ అక్కడే. రెండు మూడేళ్లు తిరిగేసరికి అతని చేతికి ఒక లాటిన్ వ్యాకరణ గ్రంథం ఇచ్చినట్టు కథెడ్రల్ పద్దుల్లో ఉంది. పెద్దయ్యాక ఆయన సంతకం చేసే తీరు చూడండి: 'దు' అని రాసి, చిన్న స్వరరేఖల మీద 'ఫా' స్వరం గుర్తు వేసి, పక్కన చివరి అక్షరం పెట్టేవారు. తల్లి ఇచ్చిన పేరు, కథెడ్రల్ నేర్పిన స్వరం ఆ చిన్న గుర్తులో కలిసిపోయాయి. చివరి ఏళ్లలో తల్లి కాంబ్రేలో కొడుకు దగ్గరే ఉంది. 1444లో ఆమె పోయినప్పుడు కథెడ్రల్‌లోనే సమాధి చేశారు. పెళ్లికాని తల్లికి ఆ స్థలం దక్కిందంటే అప్పటికి ఆ కొడుకు అక్కడ ఏ స్థాయిలో ఉన్నాడో ఊహించవచ్చు.

ఇటలీ సంవత్సరాలను వేగంగా దాటవేస్తాను. వాటి మీద పుస్తకాలు చాలానే ఉన్నాయి. 1420లో మలతెస్తా వంశపు క్లెయొఫె, బైజాంటిన్ రాజకుమారుడైన మోరియా పాలకుడు థియొడోర్ పాలియొలోగస్‌ను పెళ్లాడడానికి గ్రీసుకు ప్రయాణమైనప్పుడు ఆమె కోసం ఒక మోటెట్, అంటే పలు గొంతులు కలిసి పాడే లాటిన్ కృతి, రాశారు. 1423లో అదే వంశంలో ఇంకో పెళ్లికి ఫ్రెంచి పాట రాశారు. బొలోన్యాలో ఒక కార్డినల్ కొలువులో ఉండి, 1428కల్లా మతగురువయ్యారు. అదే ఏడాది రోమ్‌లో పోప్ గాయక బృందంలో చేరారు. మధ్యలో సవాయ్ రాజ్యపు కొలువు. 1434 ఫిబ్రవరిలో షాంబెరీలో సవాయ్ యువరాజు లూయీకి, సైప్రస్ రాకుమారి ఆన్‌కు జరిగిన పెళ్లికి బర్గండీ దర్బారు తరలివచ్చింది. ఆ కాలపు ఇంకో గొప్ప పాటల రచయిత బాన్‌ష్వా ఆ దర్బారువాడే. చర్చి న్యాయశాస్త్రంలో పట్టా కూడా దు ఫే సంపాదించారు. నలభై ఏళ్లు నిండకముందే యూరప్‌లో ఆయన పాట వినని పెద్ద కొలువు అరుదు. కీర్తికి సంబంధించినంతవరకు ఆయనకు లోటు లేదన్నది ముందుగానే గమనించి పెట్టుకుందాం. తర్వాత ఇది మనకు పనికొస్తుంది.

1436 మార్చి 25 దగ్గర మాత్రం ఆగాలి. ఆ రోజు ఫ్లోరెన్స్‌లో శాంతా మరియా దెల్ ఫియోరె కథెడ్రల్‌కు పోప్ నాలుగో యుజీన్ ప్రతిష్ఠ జరిపారు. బ్రూనెల్లెస్కి కట్టిన గుమ్మటం అప్పటికి పూర్తికావస్తోంది. ఆ సందర్భానికి దు ఫే రాసిన మోటెట్ పేరు 'నూపెర్ రొజారుమ్ ఫ్లోరెస్'. నాలుగు గొంతులు. కింది రెండూ చర్చి ప్రతిష్ఠ పూజలో పాడే పాత స్తోత్రం మొదటి వరసను, ఒకదానికొకటి పంచమం ఎడంతో, ముందూ వెనకగా నిదానంగా పాడతాయి. ఆ వరస నాలుగుసార్లు వస్తుంది. ప్రతిసారీ తాళప్రమాణం మారుతుంది. నాలుగు భాగాల నిడివి 6:4:2:3 నిష్పత్తిలో ఉంటుంది. ప్రతి భాగంలోనూ ముందు పై రెండు గొంతులు మాత్రమే కొంతసేపు అల్లుకుంటూ సాగుతాయి, ఆ తర్వాత సరిగ్గా అంతే నిడివిపాటు కింది గొంతులు వచ్చి బరువు దించుతాయి. ఈ అంకెలు ఆ భవనం కొలతలే అని 1973లో చార్ల్స్ వారెన్ వాదించారు. కాదు, బైబిల్‌లో చెప్పిన సొలొమోను దేవాలయం కొలతలు, అరవై, నలభై, ఇరవై, ముప్పై మూరలు, ఇక్కడ ధ్వనిస్తున్నాయని 1994లో క్రెయిగ్ రైట్ గట్టి ఆధారాలతో చూపారు. నాకు రైట్ వాదమే బలంగా కనిపిస్తుంది. దేవాలయ ప్రతిష్ఠ స్తోత్రం మీద కట్టిన కృతికి మూల దేవాలయం కొలతలే సహజం. అయితే ఈ చర్చ హోరులో పై గొంతులు పాడే కవిత్వం చివర ఏముందో చాలామంది పట్టించుకోలేదు. అక్కడ ఉన్నది మొర. ఫ్లోరెన్స్ ప్రజలు మరియమాతను వేడుకుంటున్నారు: తమ పాపాలకు క్షమ దొరికేలా కొడుకుతో చెప్పమంటున్నారు. ఇంత భారీ కట్టడం, ఇంత గణితం, ఇంత రాజసం, చివరకు ఒక ఊరు దండం పెట్టి అడిగే మాట దగ్గర ఆగుతాయి. ఇందులో దు ఫే పేరు లేదు. ఊరి పేరు ఉంది.

ఇక్కడే నా వాదానికి ఒక బలమైన ఆక్షేపణ ఎదురవుతుంది. అదే ఫ్లోరెన్స్ రోజుల్లో దు ఫే 'సాల్వె ఫ్లోస్ తుస్కె జెంటిస్' అని ఇంకో మోటెట్ రాశారు. అది ఆ నగరానికీ, అక్కడి అమ్మాయిల అందానికీ స్తుతి. దాని చివర గియోమ్ అనే తాను ఇది పాడానని ఆయన పేరుపెట్టి మరీ చెప్పుకున్నారు. ఇది కీర్తి కోసం వేసిన సంతకం కాక మరేమిటి అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, సంతకమే, దాన్ని మరోలా వివరించడానికి నేను ప్రయత్నించను. లాటిన్ కవిత్వంలో కవి చివర తన పేరు చెప్పుకోవడం ప్రాచీన రోమన్ల నాటి అలవాటు. ఫ్లోరెన్స్ పండితులు మురిసిపోయే పద్ధతి. దు ఫే ఆ ఊళ్లో ఉండి ఆ ఊరి మర్యాద పాటించారు. నేను చూడమంటున్నది ఆ పద్ధతికి తర్వాత ఏమైందన్నది. ముప్పై తొమ్మిదో ఏట ఇలా పేరు వేసుకున్న మనిషి మళ్లీ పవిత్ర సంగీతంలో తన పేరు పలికించడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. అప్పటికి దాని పని పూర్తిగా మారిపోయింది. ఆ మార్పుకు కారణం కాంబ్రేలో వెతకాలి.

1436లో కాంబ్రే కానన్ పదవి వచ్చింది. 1439లో ఆయన అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. 1452 నుంచి 1458 దాకా సవాయ్‌లో గడిపిన కాలం మినహా, మిగతా జీవితమంతా అక్కడే. కథెడ్రల్ గాయకులైన చిన్న వికార్ల బాధ్యత చూశారు. పాత గాన పుస్తకాలను సరిదిద్ది తిరగరాయించే పెద్ద పనిలో పాలుపంచుకున్నారు. సిమోన్ మెల్లె అనే లేఖకుడు ఏళ్ల తరబడి ఆ పుస్తకాలు నకలు చేశాడు. అతనికి చెల్లించిన కూలి పద్దుల వల్లే దు ఫే కృతులు కొన్ని ఏ ఏడాదివో మనకు తెలుస్తున్నాయి. ఈ కథెడ్రల్ బతుకంతా చనిపోయినవారి జ్ఞాపకాల చుట్టూ అల్లుకుని ఉండేది. స్తోమత ఉన్నవాడు కొంత సొమ్మో, భూమి మీద వచ్చే శిస్తో రాసిచ్చేవాడు. దాని రాబడితో ఏటా ఫలానా తేదీన అతని పేరిట పూజ జరగాలి. హాజరైన గురువులకు, గాయకులకు, పిల్లలకు ఇంతింత ముట్టాలి. మన గుళ్లలో శాశ్వత పూజకు డబ్బు కట్టి, ఏటా ఆ తిథినాడు గోత్రనామాలు చదివించుకునే ఏర్పాటు తెలిసినవారికి దీని లోపలి తర్కం చెప్పనక్కర్లేదు. సొమ్ము అసలు అలాగే ఉంటుంది, పాడేవారు తరం తరం మారతారు, పేరు మాత్రం ఏటా ఒకసారి పలుకుతుంది. ఈ వ్యవస్థలో సంగీతం ఒక ఖర్చు పద్దు. అదే సమయంలో ఆత్మకు అందే సాయం. దు ఫే రెండు వైపులా ఎరిగిన మనిషి: పిల్లవాడిగా ఇతరుల వర్ధంతుల్లో పాడారు, కానన్‌గా ఆ నిధుల లెక్క చూశారు.

ఈ ఏర్పాట్లలో దు ఫే చేయి ఎలా పనిచేసిందో చెప్పడానికి ఒక ఉదాహరణ. మిషెల్ ద బెరింగెన్ అనే తోటి కానన్ మరియమాత పండుగలన్నిటినీ కలిపి స్మరించే కొత్త పండుగ ఒకటి కాంబ్రేలో నెలకొల్పాలని సొమ్ము విడిచివెళ్లారు. మాటలు కథెడ్రల్ డీన్ జిల్ కార్లియె రాశారు. వరసలు కట్టమని 1450ల చివర సవాయ్‌లో ఉన్న దు ఫేకు కబురు వెళ్లింది. ఆయన రాసి పంపింది నాలుగు గొంతుల పాండిత్యం కాదు. అందరూ ఒకే గొంతుగా పాడే సాదా స్తోత్రగానం, రోజంతటి ఆరాధనకు సరిపడా. అది కాంబ్రేలోనే కాక ఇతర ఊళ్లలోనూ తరతరాలు పాడారు. ఎవరు కట్టారో పాడేవాళ్లకు తెలియదు, పుస్తకాల మీద పేరు లేదు. 1980లలో బార్బరా హాగ్ కథెడ్రల్ పద్దులనూ పూజా పుస్తకాలనూ జతచేసి చూసి, ఇది దు ఫేదని నిరూపించారు. కీర్తి కాంక్షే ఆయనను నడిపించి ఉంటే, యూరప్‌లోకెల్లా పేరుపొందిన సంగీతకర్త అరవైకి చేరువైన వయసులో ఇంత శ్రమపడి పేరులేని పని చేయవలసిన అవసరం ఏమిటి? తన పేరు ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండనక్కర్లేదో ఆయన ఎంచుకున్నారు. ఆ ఎంపిక గమనించకుండా దు ఫేను అర్థం చేసుకోలేం.

పేరు ఉండాలని ఆయన అనుకున్న చోటు 'ఆవే రెజీనా చేలోరుమ్'. స్వర్గపు రాణి మరియమాతకు వందనం చెప్పే చిన్న స్తోత్రమది; అందరూ పాడేది, ఎవరి సొంతమూ కాదు. దాని మీద దు ఫే నాలుగు గొంతులకు రాసిన మోటెట్‌ను 1464-65లో నకలు చేసినట్టు కాంబ్రే పద్దుల్లో ఉంది. అప్పటికి ఆయనకు అరవై ఏడేళ్లు. ఆ ప్రార్థన వాక్యాల మధ్య ఆయన కొత్త మాటలు చొప్పించారు. అందులో రెండుచోట్ల దు ఫే అన్న పేరే వినిపిస్తుంది. పడిపోతున్న నీ దు ఫేను కరుణించు, వాడు నరకాగ్నిలో కూలిపోకుండా చూడు అని ఒకచోట; వేడుకుంటున్న దు ఫేను కరుణించు, వాడి చావు నీ కళ్లకు అందంగా ఉండాలి అని ఇంకొకచోట అర్థం వచ్చేలా. ఇక స్వరాల సంగతి. సి స్వరాన్ని ఆధార షడ్జంగా అనుకుంటే, కృతి అంతర గాంధారపు వెలుగులో మొదలై హాయిగా సాగుతూ ఉంటుంది. కరుణించమని తన పేరుతో అడిగే చోట హఠాత్తుగా సాధారణ గాంధారం వస్తుంది. ఆ ఒక్క స్వరం తగ్గడంతో మొత్తం ధ్వనికి నీడ కమ్ముతుంది. ఏ అలంకారమూ లేదు, ఏ ఆర్భాటమూ లేదు. పొడుగాటి స్వరాల మీద గొంతులన్నీ కలిసి అడుగుతాయి. ఆ కాలపు సంగీతంలో ఇంత నగ్నంగా ఒక మనిషి నిలబడిన చోటు నాకు మరొకటి తెలియదు. అయితే కృతి అక్కడ ఆగదు. చివరి చేర్పులో 'వాడు' పోయి 'మేము' వస్తుంది: మమ్మల్ని కరుణించు, చావు ఘడియలో మా హృదయాలు శుభ్రంగా ఉండాలి అని. ఒంటరిగా ముందుకొచ్చిన మనిషి తిరిగి గుంపులోకి వెళ్లి కలుస్తాడు.

తెలుగు శ్రోతకు ఇందులో వింతేముంది అనిపించవచ్చు. త్యాగయ్య చివరి చరణంలో తన పేరు పెట్టుకోవడం, క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు రావడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కానీ ముద్ర మన సంప్రదాయంలో రూపంలోనే ఉన్న ఒక స్థానం. రచయిత ఆ ఖాళీని నింపుతాడు. దు ఫే ముందు అలాంటి ఖాళీ లేదు. ఆయన తెరిచింది చర్చి పూజా పాఠాన్ని, ఒక అక్షరం కదిపితే పెద్దలు అడిగే పాఠాన్ని. అందులోకి తన ఇంటిపేరు చొప్పించడం సాహసం. దాన్ని ఆ చర్చి పెద్దలే నకలు రాయించి, కూలి చెల్లించి, పద్దు రాసుకున్నారంటే వాళ్లకు అది పొగరుగా కనిపించలేదని అర్థం. తమ రోజువారీ పనికి, అంటే పేరుపేరునా ఆత్మల కోసం వేడుకోవడానికి, అది కొనసాగింపుగానే తోచి ఉండాలి.

ఆయన పూజా సంగీతం వైపు తిరుగుదాం. దివ్యబలిపూజలో మారని అయిదు ప్రార్థనలను ఒకే టెనర్ (కృతికి ఆధారంగా నిలిచే గొంతు) వరస మీద కట్టి ఒక్క కృతిగా నిలబెట్టడం దు ఫే ఘనత అని పాత పుస్తకాలు రాశాయి. అది సరికాదు. ఆ పద్ధతి ఇంగ్లండు నుంచి వచ్చింది. చాలాకాలం దు ఫేదిగా అచ్చయిన 'కాపుత్' పూజ పేరు తెలియని ఒక ఆంగ్లేయుడి రచన అని ఇప్పుడు పండితులు ఒప్పుకున్నారు. అందువల్ల ఆయన గొప్పతనం తగ్గదు. దాని చోటు మారుతుంది, అంతే. 'సె లా ఫాస్ ఏ పాల్' అనే తన సొంత ప్రేమపాట టెనర్‌ను తీసుకుని ఆయన పూజ కట్టారు. ఆ అయిదు ప్రార్థనల్లోని గ్లోరియాలోనూ క్రేదోలోనూ ఆ వరస మూడుసార్లు వస్తుంది: మొదట మూడింతల నిడివితో, తర్వాత రెండింతలతో, చివరకు ఉన్నదున్నట్టుగా. మొదట గుర్తుపట్టలేనంత నెమ్మదిగా వినిపించిన పాట చివర్లో తన అసలు నడకతో బయటపడుతుంది. వినేవాడికి కూడా ఆ విడుదల తెలుస్తుంది. ఆ పాటలో ప్రేమతో ముఖం పాలిపోయినవాడు క్రీస్తేనని, 1453లో సవాయ్ వంశం చేతికి వచ్చిన, క్రీస్తు దేహాన్ని చుట్టిందని నమ్మే పవిత్ర వస్త్రంతో దీనికి సంబంధం ఉందని 2010లో ఆన్ వాల్టర్స్ రాబర్ట్‌సన్ వాదించారు, ఆలోచించదగిన వాదం. నా ప్రశ్నకు ఇంకా దగ్గరైనది 1470ల తొలినాళ్లలో, డెబ్బై దాటాక, ఆయన 'ఆవే రెజీనా చేలోరుమ్' మీద కట్టిన పూజ. అందులో అయిదో ప్రార్థన ఆగ్నుస్ దేయి రెండో భాగంలో, మమ్మల్ని కరుణించు అనే మాట దగ్గర, మోటెట్‌లో దు ఫేను కరుణించు అని పాడిన ఆ నీడ కమ్మిన స్వరాలే తిరిగి వస్తాయి. పేరు పోయింది; సంగీతం మిగిలింది; మాట అందరిదీ అయింది. సొంత మొరను సమూహం నోట పెట్టడం ఇంతకంటే స్పష్టంగా ఎలా చేయాలి?

ఇదంతా స్వరాలకు జీవితచరిత్ర అంటగట్టడమే, తగ్గించిన ఒక్క స్వరం మీద ఇంత భారం మోపడం తగదు అనేవారున్నారు. వారికి నా జవాబు స్వరాల్లో కాదు, వీలునామాలో ఉంది. 1474 జులై 8న దు ఫే తన వీలునామా రాయించారు. చివరి సంస్కారాలు జరిగి, ప్రాణం పోయే ఘడియ దగ్గరపడ్డాక, సమయం ఉంటే ఎనిమిది మంది గాయకులు తన మంచం పక్కన ఒక స్తోత్రం మెల్లని గొంతుతో పాడాలి. అది అయ్యాక బాలగాయకులు, వారి గురువు, ఇంకో ఇద్దరు సహచరులు కలిసి తన 'ఆవే రెజీనా' పాడాలి. ఈ లెక్క ఒక్కసారి నిదానంగా చూడండి. పై గొంతుకు పిల్లలు, మిగతా మూడు గొంతులకు గురువు, ఇద్దరు సహచరులు. సరిగ్గా నాలుగు గొంతులు. పోప్ బృందం అక్కర్లేదు, రాజుల కొలువు అక్కర్లేదు. కాంబ్రేలో ఏ రోజైనా పిలిస్తే వచ్చే మనుషులతో, ఒక మంచం పక్కన పట్టేంత జాగాలో పాడగలిగేలా ఉంది ఆ కృతి. తాను 1409లో నిలబడిన వరసలోనే ఇప్పుడు ఇంకో తరం పిల్లలు నిలబడి తన పేరు పలికి, తనకోసం వేడుకోవాలి. నవంబరు 27న అంత సమయం దొరకలేదు. ఆ రెండు పాటలూ ఆయన అంత్యక్రియల్లో పాడారు. ఆ సంగతి వీలునామా అమలు చేసినవారి లెక్కల్లో నమోదైంది. తన కోసం రాసిన మృతుల పూజ పుస్తకాన్ని, సెయింట్ ఆంథొనీ పూజల పుస్తకాలను తన సమాధి ఉన్న సెయింట్ స్టీఫెన్ చాపెల్‌కు ఇచ్చారు. ఏటేటా వాటి గానానికి సొమ్ము ఏర్పాటు చేశారు. ఆ మృతుల పూజ సంగీతం మనకు దక్కలేదు.

కలిగినవారంతా ఇలాంటి వీలునామాలే రాసేవారు కదా, ఇందులో దు ఫే ప్రత్యేకత ఏముంది అని ఇంకో ప్రశ్న. ఆయనకంటే దాదాపు వందేళ్లు ముందు, 1377లో చనిపోయిన సంగీతకర్త మషో కూడా రీమ్స్ కథెడ్రల్ కానన్. తన కృతులను తానే సంపుటాలుగా చేయించుకున్నాడు. తన కోసం, సోదరుడి కోసం మరియమాత పూజకు నిధి పెట్టాడు. ఆయన రాసిన పూజా సంగీతం దానికే అని చాలామంది నమ్ముతారు. ఈ రెండు ఆక్షేపణలూ నిజమే, రెండూ నా వాదాన్నే బలపరుస్తాయి. కథెడ్రల్ కానన్ అయిన సంగీతకర్త తన జ్ఞాపకాన్ని తన సంగీతంతోనే నిలుపుకోవాలనుకోవడం ఇటలీ మానవతావాదులు కనిపెట్టింది కాదు. ఉత్తర యూరప్ కథెడ్రళ్లలో పాతదే. ఆ ఆచారానికి దు ఫే జోడించింది ఒక్కటే, కానీ అది చాలా పెద్దది: మషో నిధి పత్రంలో రాయించిన పేరును దు ఫే సంగీతంలోకే తెచ్చారు. పత్రం చదివేవాడు మానేసినా, పాట పాడేవాడు ఆ పేరు పలకక తప్పదు.

ఆయన రాసిన ఎనభైకి పైగా ఫ్రెంచి, ఇటాలియన్ ప్రేమపాటలు, కొత్త ఏడాది పాటలు ఈ చట్రంలో ఇమడవు. ఇమడాలని నేను పట్టుబట్టను. వాటి అందం వేరు, వాటికి వేరే ఉపన్యాసం కావాలి. కానీ ఒక విషయం చెప్పాలి. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమయ్యాక దు ఫే ఫ్లోరెన్స్ మెదీచీ వంశపు సోదరులు పియెరో, జొవాన్నీలకు రాసిన లేఖ ఒకటి మిగిలింది. ఆ నగరం కోసం నాలుగు విలాప గీతాలు రాశానని అందులో చెప్పారు. మనకు దక్కిన ఒక్కదానిలో మాతృచర్చి దేవుడితో మొరపెట్టుకుంటుంది. ఆ తర్వాత, 1467లో, ఫ్లోరెన్స్ ఆర్గన్ విద్వాంసుడు స్క్వార్చలూపి ఆయనకు లేఖ రాస్తూ, పియెరో మిమ్మల్ని ఈ యుగానికే ఆభరణంగా భావిస్తారన్న అర్థంలో చెప్పి, పియెరో కొడుకు లొరెంజో రాసిన కవితకు వరస కట్టమని కోరాడు. సిద్ధాంతకర్త తింక్తోరిస్ ఆయనను కొత్త సంగీతానికి గురువుల్లో ఒకరిగా పేర్కొన్నాడు. అంటే కీర్తి ఆయన ఇంటి గుమ్మం దగ్గరికే వచ్చి నిలబడింది. అదే రోజుల్లో ఆయన సంగీతంలో చేయి చాచి అడిగింది మాత్రం వేరేది.

ఆయన చేసిన ఏర్పాటు నిలిచిందా? కాంబ్రేలో నిలవలేదు. ఫ్రెంచి విప్లవం తర్వాత కథెడ్రల్‌ను అమ్మేశారు, రాళ్ల కోసం కూల్చేశారు. మిగిలిన శిఖరం 1809లో కూలిపోయింది. నిధులు, తేదీలు, శిస్తులు అన్నీ దాంతోనే పోయాయి. ఆయన సమాధి ఫలకం 1859లో ఒక బావి మీద మూతగా దొరికింది. ఇప్పుడు లీల్ మ్యూజియంలో ఉంది. 'ఆవే రెజీనా' మాత్రం కాంబ్రేలో కాక, రోమ్ సెయింట్ పీటర్స్ బసిలికా కోసం రాసుకున్న ఒక స్వరపుస్తకంలో బతికింది. ఒక ఊరి ఏర్పాటు విఫలమైన చోట, ఇంకో ఊరి గాయకుల ఆసక్తి గెలిచింది. దీన్ని నా వాదానికి ప్రతికూలంగా నేను భావించను. పేరును పత్రంలో దాచకుండా పాటలో పెట్టినందువల్లే, పాట ఎక్కడికి పోతే పేరూ, మొరా అక్కడికి పోయాయి.

అందుకే ఒక విజ్ఞప్తితో విరమిస్తాను. దు ఫే అనగానే మన వాళ్లు ఫ్లోరెన్స్ గుమ్మటం, ఆ అంకెల నిష్పత్తి చెప్పి ఊరుకుంటారు. పాశ్చాత్య సంగీతం బోధించే చోటా అంతే. ఈసారి 'ఆవే రెజీనా'తో మొదలుపెట్టండి. ఆలెహాండ్రో ప్లాంచార్ట్ సంపాదకత్వంలో వచ్చిన స్వరప్రతులు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. హైదరాబాద్, విశాఖపట్నం, గుంటూరు కథెడ్రల్ గాయక బృందాల్లో దీన్ని పాడగల గొంతులు తప్పకుండా ఉంటాయి. ఇది అసలు ఒక చిన్న బృందం కోసమే రాసిన పాట. నవంబరు నెలను కతోలికులు చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించే నెలగా పాటిస్తారు. ఆయన పోయింది కూడా ఆ నెలలోనే. ఏదో ఒక బృందం ఒక నవంబరులో ఈ పాట నేర్చుకుని పూజలో పాడాలని నా కోరిక. కరుణించమని అడిగే ఆ చోట గాంధారాన్ని మాత్రం పొరపాటున కూడా పైకి జరపకండి.